ఓబులమ్మ ఒక్కపొద్దు, హోల్మా పడవ

నేను ఒక గైడు పుస్తకాన్ని. ఉత్తర ఐరోపాలో రెండు మూడు రోజుల్లో చుట్టి రాగల నగరాలు, వాటి చుట్టుపక్కల పల్లెలు, పడవలు, బస్సులు అన్నీ నా కడుపులో ఉన్నాయి. దారి చూపడం నా వృత్తి. నన్ను నమ్ముకుని దారి తప్పినవాళ్లూ ఉన్నారు గానీ, వాళ్ల సంగతి ముందుమాటలో రాయలేదు.

నన్ను రాసినాయన గురించి గొప్పగా చెప్పాలనే ఉంది, నోరు రావడం లేదు. నగరాల వరకు నిజంగానే తిరిగాడు. కోపెన్‌హాగెన్‌లో కాళ్లు వాచాయి, స్టాక్‌హోమ్‌లో జలుబు చేసింది. దాంతో పల్లెటూళ్లన్నీ రైలు కిటికీలోంచి చూసి కానిచ్చేశాడు. నార్వే ఉత్తరపు కొసన హోల్మా అనే చిన్న దీవి ఉందనీ, అక్కడ నలుగురే పిల్లలతో ఒక ఎర్రరంగు బడి నడుస్తోందనీ పదకొండు లైన్లు రాశాడు. ఆ దీవిలో ఆయన కాలు పెట్టి ఉంటే ఒట్టు. రేవులో ఎవరో చెబితే రాసుకున్నాడు. అచ్చులో పడ్డాక అబద్ధానికైనా నిజానికైనా ఒకటే మర్యాద.

నన్ను మొదట కొన్నది ఒక విదేశీ ఇంజనీరు. సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసులో కూర్చుని వారాంతపు ప్రయాణాలు వేసుకునేవాడు. తీరా వారాంతం రాగానే ముసుగుతన్ని పడుకునేవాడు. పని మీద హైదరాబాదు వచ్చి నన్ను హోటల్ గదిలో మరిచిపోయాడు. అలా ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు పరిచే ఫుట్‌పాత్ మీద పడ్డాను. నాకు ఒక పక్క వంటల పుస్తకం, ఇంకో పక్క ఇంటర్ ఫిజిక్స్ గైడు.

అక్కడే హైమావతి కంట పడ్డాను. ఆమె కర్నూల్లో సోషల్ టీచరు. నిలబడే పది పేజీలు చదివింది. హోల్మా బడి దగ్గర ఆగి, మళ్లీ చదివింది. ఆమె క్లాసులో అప్పటికి డెబ్బై ఇద్దరు. నలుగురే పిల్లలున్న క్లాసు ఎలా ఉంటుందో చూడాలని ఆ నిమిషంలో పట్టుకున్న పిచ్చి మరి వదల్లేదు.

ఇరవై ఏళ్లు నన్ను సంక దించలేదా మనిషి. కూర పోపు వేస్తూ ప్లాను, పేపర్లు దిద్దుతూ ప్లాను. బడి టైంటేబుల్ వేసినట్టే వేసేది: కోపెన్‌హాగెన్‌కి రెండు పీరియడ్లు, స్టాక్‌హోమ్ పాతబస్తీకి డబుల్ పీరియడ్, పల్లెటూళ్లకి డ్రిల్లు పీరియడ్. పులిహోర ఎక్కడ తినాలో, మాత్రలు ఎన్నింటికి వేసుకోవాలో కూడా నా అంచుల్లో పెన్సిలుతో రాసింది. ఎన్ని ప్లాన్లు చెరిపి మళ్లీ రాసినా చివరి మజిలీ మాత్రం హోల్మాయే. మొగుడు మద్దిలేటి ఆర్టీసీ కండక్టరు. "బస్సు ఎప్పుడొస్తే అదే దాని టైము. దానికింత రాత ఎందుకే?" అనేవాడు. చెప్పొద్దూ, నాకు ఆయన మాటే నచ్చేది.

ఇద్దరూ రిటైరయ్యాక మొదటిసారి వీసాకి పెడితే రాలేదు. రెండోసారి ముగ్గురికీ వచ్చింది. ఆ కాగితాలు పెట్టేటప్పుడే మద్దిలేటి అక్క ఓబులమ్మ "నేను గూడా వస్తా" అంది. అరవై ఎనిమిదేళ్ల షుగరు మనిషి. పైగా ఫిబ్రవరి నుంచి శనివారం శనివారం ఒక్కపొద్దు ఉంటోంది. అహోబిలం నరసింహస్వామికి ఇరవై ఒక్క శనివారాల మొక్కు. పగలంతా పస్తుండి, పొద్దుగూకాక ఆకాశంలో చుక్క చూసి అప్పుడు అన్నం తినాలి. ఎందుకు వదినా అని హైమావతి అడిగితే మోకాళ్ల నొప్పులకని చెప్పింది.

ఇక్కడ మనుషుల తెలివి గురించి ఒక మాట చెప్పుకోవాలి. ఓబులమ్మ చుక్క చూసి గానీ తినదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. జూన్ నెలలో మేం పోయే చోట పొద్దుగూకదనీ అందరికీ తెలుసు. "పొద్దుగూకని ఊరికి పోతాండాం" అని ఓబులమ్మే వీధి వీధంతా చాటి వచ్చింది. ఈ రెండు ముక్కల్నీ పక్కపక్కన పెట్టి చూసిన మహానుభావుడు ఒక్కడు లేడు. నా పేజీల్లోనూ అలాంటి హెచ్చరిక లేదు లెండి, రాసినాయనకి ఒక్కపొద్దంటే ఏం తెలుసు.

కోపెన్‌హాగెన్, స్టాక్‌హోమ్ పీరియడ్ల ప్రకారం సాఫీగా అయిపోయాయి. శుక్రవారం ఉత్తరాన కొండదారిలో బస్సు పడక ఓబులమ్మ తిన్నదంతా కక్కేసింది. రాత్రి ఏమీ ముట్టకుండా పడుకుంది. శనివారం మధ్యాహ్నం రెండింటికి రేవుకి చేరాం. మూడున్నరకి హోల్మా పడవ, ఆ రాత్రికే తిరిగొచ్చేస్తుంది. అది తప్పితే మళ్లీ మంగళవారమే. సోమవారం వీళ్ల తిరుగు విమానం. బడికి శనివారం సెలవని హైమావతికి తెలుసు. కిటికీలోంచి ఆ నాలుగు బల్లలూ చూస్తే చాలనుకుంది.

రేవులో బెంచీ మీద కూర్చున్న ఓబులమ్మకి చేతులు వణుకుతున్నాయి. "ఏమ్మే హైమా, ఈడ పొద్దు ఎన్నింటికి గూకుతుంది?" అని అడిగింది.

హైమావతి నన్ను తెరిచింది, మూసింది. మద్దిలేటి సముద్రం వైపు తిరిగాడు. హైమావతే చెప్పింది, "జులై ఆఖర్న, వదినా."

ఒక్క మెతుకు తినమని ఇద్దరూ బతిమాలారు. మొక్కు నడమ ఇడ్చకూడదని ఓబులమ్మ పెదవులు బిగించింది. మద్దిలేటికి అప్పుడో ఉపాయం తట్టింది. "నువ్వు మొక్కింది మన స్వామికి గదక్కా. చుక్క గూడా మన ఊరిదే లెక్క. ఆడ ఎవరన్నా చూసి చెప్తే చాలదా?" ఓబులమ్మ ఆలోచించి, సరేనంది. కండక్టరు బుర్రని నేను తక్కువ అంచనా వేశాను.

మూడింటికి కర్నూలికి ఫోను చేస్తే అక్కడ ఆరున్నర, ఇంకా వెలుతురుంది. మూడుంబావుకి చేస్తే పక్కింటి వాళ్లు మిద్దెక్కి చూసి, మబ్బు పట్టిందన్నారు. ఆదోనిలో వాన. నంద్యాలలో చుట్టాలు కుటుంబమంతా మిద్దె మీద మెడలు పైకెత్తి నిలబడ్డారట, ఏమీ లేదు. ఓబులమ్మకి చెమటలు పట్టాయి. లేచి నిలబడబోయి మళ్లీ కూలబడింది. పడవ కూత వేసింది.

"నువ్వు పోయిరా, అక్క దగ్గర నేనుంటా" అన్నాడు మద్దిలేటి. హైమావతి నన్ను పట్టుకుని పడవ దాకా నడిచింది. ఒక కాలు పడవెక్కే చెక్క మీద పెట్టింది. ఆమె అరచేతి చెమటకి నా అట్ట తడిసింది. ఇరవై ఏళ్ల ఆశ ఆ చెక్కకి ఆ చివరన ఉంది. వెళ్లిపోవే పిచ్చిదానా అని నాకే అరవాలనిపించింది. ఆమె వెనక్కి తిరిగి చూసింది. చూశాక కాలు తీసేసి, వచ్చి వదిన పక్కన కూర్చుంది.

ఓబులమ్మకి ఎక్కడలేని కోపం వచ్చింది. "ఎందుకొచ్చినావే? పో, ఇంగా పడవ కదల్లేదు. నువ్వా పడవ ఎక్కల్లనే గదా నేను ఈ శనివారాలన్నీ పస్తుండింది."

"మోకాళ్లకన్నావు కదా వదినా?" అంది హైమావతి.

"వీసా రాలేదని ఆ పొద్దు వంటింట్లో కూచోని ఏడ్చినావే, నేను గడపకాడ్నుంచి చూసినా. మా హైమ ఆ బడి చూడల్ల స్వామీ అని మొక్కినా. నా మోకాళ్లు ఎప్పుడు బాగుండాయి గనక వాటికోసం మొక్కేదానికి?"

పడవ ఇంకా రేవులోనే ఉంది. హైమావతి లేవలేదు. ఏడుస్తూ వదిన చేతులు తన చేతుల్లోకి తీసుకుని రుద్దుతూ కూర్చుంది. పడవ చెక్క లాగేసుకుని వెళ్లిపోయింది. నాకు దుఃఖం వచ్చింది. కాగితానికి దుఃఖమేమిటని నవ్వితే నవ్వండి.

నాలుగు కావస్తుండగా గుత్తి నుంచి మేనకోడలు ఫోను చేసింది. "అత్తా, కోట మీద మబ్బు ఇడిసింది. చుక్క కనపడతాంది, తినత్తా" అంది. ఎండ ఫెళ్లున కాస్తున్న ఆ రేవులో ఓబులమ్మ కళ్లు మూసుకుని, దక్షిణంగా తిరిగి దండం పెట్టింది.

హైమావతి పులిహోర డబ్బా తీసింది. ప్లేట్లు మద్దిలేటి ముందే ఎక్కించిన సంచీతో పాటు పడవలో వెళ్లిపోయాయి. అటూ ఇటూ చూసి నన్ను తెరిచింది. హోల్మా పేజీని మొదలుదాకా పట్టుకుని పర్రున చించింది. బెంచీ మీద పరిచి, దాని మీద పులిహోర పెట్టింది.

"ఆ పుట ఎందుకు చించినావే?" అంది ఓబులమ్మ.

"తిను వదినా" అంది హైమావతి. ముద్ద కలిపి ఆమే నోటికందించింది.

ఆ పదకొండు లైన్ల మీద నూనె పాకింది. ఓబులమ్మ మెతుకు మిగల్చకుండా తిన్నది. బలం పుంజుకున్నాక లేచింది. మద్దిలేటి ఆటో కోసం ముందుకు పరిగెత్తాడు, అక్కడ ఆటోలుంటాయనుకుని.

ఇప్పుడు నేను ఆ రేవులోనే ఉన్నాను, ప్రయాణికులు వదిలేసిన పుస్తకాల అరలో. పడవ కోసం కూర్చున్నవాళ్లు తీసి తిరగేస్తారు, చిరిగిన పుట చూసి విసుక్కుని పెట్టేస్తారు. హైమావతి నన్ను మరిచిపోలేదు. వెళ్తూ వెనక్కి తిరిగి నన్ను చూసింది, ఆ సంగతి నాకు బాగా తెలుసు. కానీ ఆమె రెండు చేతులూ వదినని పట్టుకున్నాయి.