తలుపు కింద పసుపు గీత

ఉడికిన బంగాళాదుంపలకి వేడి మీదే తొక్క తియ్యాలి, చల్లారితే సరిగా ఊడిరాదు. అందుకే వేళ్ళు చురుక్కుమంటున్నా లోర్నా ఆపలేదు. నలభై మందికి సలాడ్. పదింటికి స్టూడియోలో కొత్త సినిమాని మొదటిసారి యూనిట్ వాళ్ళకి వేస్తారు, ఆ తర్వాత అక్కడే ఆరుబయట భోజనాలు. బయటినుంచి తెప్పించవచ్చు కదా అంటే, "నీ చేతి సలాడ్ అంటే మావాళ్ళు పడి చస్తారు. ఎంతసేపు పడుతుంది నీకు?" అన్నాడు డెస్మండ్. పెళ్ళయి పదకొండేళ్ళయినా ఎంతసేపు పడుతుందో అతనికి తెలియదు.

చొక్కా గుండీలు పెట్టుకుంటూ వచ్చి ఒక ముక్క నోట్లో వేసుకున్నాడు. "ఉప్పు తగ్గింది. అన్నట్టు, ఈసారి టైటిల్స్‌లో నీ పేరు ఉంది, చూసుకో."

ఆ ఒక్క మాటకి ఆమె వేళ్ళ మంట చల్లారిపోయింది. ఎంత లోకువైపోయిందో పాపం, తనదైన దాన్ని తనకి ఇస్తానంటే పండగనుకుంది.

పెళ్ళికి ముందు లోర్నా సెట్లు గీసేది. రెండు సినిమాలకి తెర మీద ఆమె పేరు పడింది కూడా. పెళ్ళయ్యాక డెస్మండ్ తీసిన ఆరు థ్రిల్లర్లకీ గోడల రంగు, దీపం ఎత్తు, కెమెరా చూపు అన్నీ భోజనాల బల్ల మీద, గిన్నెలు కడగడానికీ బట్టలు మడవడానికీ మధ్య గీసిచ్చింది. నాకు భయంగా ఉందని నటి నోటితో చెప్పిస్తే జనం నవ్వుతారు, అదే ఆమె వెనక గోడని రోజుకో అంగుళం ముందుకి జరిపితే చూసేవాళ్ళకే ఊపిరాడదు అని అతనికి నేర్పింది ఆమే. ప్రతి అబద్ధం దగ్గరా పాత్రని అద్దంలోంచే చూపించమన్నదీ ఆమే. పత్రికలు మాత్రం 'డెస్మండ్ కన్ను' అని రాశాయి. ఒకసారి నా పేరు అని నసిగితే, అత్తగారు వెర్నా నవ్వి, "మొగుడి పేరు తెరమీద ఉంటే నీది ఉన్నట్టే కదమ్మాయ్, వేరే ఎందుకూ?" అంది. అప్పటికింకా ఆవిడ బాగానే తిరుగుతోంది.

తర్వాత ఆవిడకి పక్షవాతం వచ్చింది. పద్నాలుగు నెలలు వెనక గదిలో మంచం మీదే ఉండి, కన్నుమూసింది. ఆ పద్నాలుగు నెలల్లో లోర్నా గీసిన పుస్తకం ఒకటుంది, అది ఏ సినిమాకీ కాదు. రోజుకో పేజీ, ఆ రోజు ఇల్లు తనకెలా కనిపించిందో. పైన తేదీ, కింద రెండు మాటలు. గీసిన పేజీని మళ్ళీ వెనక్కి తిప్పి చూసేది కాదు. కొన్నాళ్ళకి పుస్తకం కనిపించకుండా పోయింది. పాత కాగితాలతో పాటు చెత్తలోకి వెళ్ళిందేమో అనుకుంది. అందులో రాసినవి ఎవరి కంటా పడలేదు, అదే నయం అని సర్దుకుంది కూడా.

హాల్లో దీపాలు ఆరాయి. మొదటి షాట్‌లో వంటిల్లు. పైకప్పు తల మీదికి దిగినట్టుంది, కిటికీ అరచేయంత. నేల మీంచి చూస్తోంది కెమెరా. గదిలోకి వచ్చిన మొగుడికి తల లేదు, భుజాల దగ్గరే కట్ అయింది. మోకాళ్ళూ బూట్లూ మాత్రం పెద్దవిగా ఉన్నాయి. చీకటి వరండా చివర మూసిన తలుపు, దాని కింద సన్నటి పసుపు గీత.

లోర్నా కుర్చీ చేతులు పట్టుకుంది. అది ఆమె వంటిల్లు. ఆమె పేజీలు.

తెర మీది స్త్రీ మంచాన పడ్డ అత్తకి రోజూ సూప్‌లో కొంచెం కొంచెం విషం కలుపుతోంది. తలుపు కింద పసుపు గీత వచ్చినప్పుడల్లా సంగీతం గుండెల్లో పొడుస్తోంది, ఆమె చెంచా తీసుకుని నడుస్తోంది. లోర్నాకి అరవాలనిపించింది. ఆ గీత అది కాదు. గీత కనిపించిందంటే ముసలావిడ మేలుకుని దీపం వేసుకుంది, ఇంకో నిమిషంలో పిలుస్తుంది, లేవాలి. అంతే. నిద్ర లేని కళ్ళతో ఆ గీతని చూసిన తను ఒక్క పూట కూడా సూప్ చల్లగా ఇవ్వలేదు.

చివర్న పేర్లు. డిజైన్ దగ్గర లేదు. సహాయకుల్లో లేదు. అన్నిటికన్నా కింద పడింది: 'ఓపికకి, నా భార్య లోర్నాకి కృతజ్ఞతలు.' అందరూ వెనక్కి తిరిగి చూసి చప్పట్లు కొట్టారు.

డెస్మండ్ వేదిక ఎక్కాడు. కెమెరా విభాగంలో కొత్తగా చేరిన అమ్మాయి ఒకతె అడిగింది. "సార్, కెమెరా అంత కింద ఎందుకు పెట్టారు? మొగుడికి తల ఎందుకు లేదు?"

"అది పిచ్చిదాని చూపమ్మా" అన్నాడు. "ఆమె కళ్ళకి మనుషులు మనుషుల్లా కనిపించరు. హంతకురాలి మనసు మాటల్లో చెప్పలేదు నేను, ఎత్తులోనూ రంగులోనూ చెప్పాను. ఇదిగో, ఏడాదిపైగా రాసుకున్న నోట్సు." సంచిలోంచి ఆకుపచ్చ అట్ట పుస్తకం తీసి పైకెత్తాడు.

లోర్నా పుస్తకం. కెమెరా కింద ఎందుకుందో ఆమెని అడిగితే ఒక్క ముక్కలో చెప్పేది. ఆ పేజీ గీసిన రోజు ఆమె ఆ నేల మీద మోకాళ్ళ మీద కూర్చుని అత్తగారి వాంతి గుడ్డలు పిండుతోంది. కింద కూర్చున్న మనిషికి, వంగి ఒక్కసారీ పలకరించని మొగుడి తల కనిపించదు.

భోజనాల దగ్గర ముప్పైతొమ్మిది మంది సలాడ్ బాగుందన్నారు. ఆ అమ్మాయి మాత్రం దగ్గరికొచ్చి, "ఇంత చీకటి మనసున్న మనిషితో ఇంట్లో ఎలా ఉంటున్నారండీ?" అంది జాలిగా. లోర్నా కుర్చీ మీద డెస్మండ్ వదిలేసిన పుస్తకం తీసుకుని వెళ్ళి కారులో కూర్చుంది.

డెస్మండ్ ఈల వేసుకుంటూ కారు తీశాడు. ఆమె ఒళ్ళో పుస్తకం చూసి కాస్త తగ్గాడు. "కోపమా? చెప్దామనే అనుకున్నా. శుక్రవారం టైటిల్స్ ఖాయమైపోతాయి, ఆ హడావుడిలో కుదర్లేదు. మనలో మనకి నీదీ నాదీ ఏంటి చెప్పు?"

ఆమె పేజీలు తిప్పింది. ఆమె బొమ్మల పక్కన పెన్సిల్‌తో అతని కోడిగీతల రాత. ప్రతి రాత కింద తేదీ. సెట్టు మీద ఏ మార్పు ఎప్పుడు చెప్పాడో తర్వాత తగువు రాకుండా తేదీ వెయ్యడం అతని అలవాటు. చివరికి కిరాణా చీటీకి కూడా వేస్తాడు.

మార్చి తొమ్మిది. 'బాత్రూంలో ఆవిడతో పాటు పడ్డాను. చెయ్యి వాచింది. ఎవరికీ చెప్పలేదు.' పక్కన పెన్సిల్: 'తలుపు సగం మూయాలి. చాలా బాగుంది.' కింద మార్చి తొమ్మిది.

అదే రోజు.

ఆ రాత్రి అతను భోజనానికి కూర్చుని, ఎడంచేత్తో వడ్డిస్తున్న ఆమెని చూసి, మాంసం కాస్త మాడిందన్నాడు. ఇన్నేళ్ళూ ఆమె అతన్ని ఒక్క కారణంతో క్షమిస్తూ వచ్చింది. మనసులో చెడు లేదు, పనిలో పడితే పక్కన మనిషి కనిపించదంతే అని. స్నేహితురాళ్ళతో కూడా అలాగే వెనకేసుకొచ్చింది. కానీ అతనికి కనిపించింది. రోజూ కనిపించింది. రోజూ చదివి, తేదీ వేసి, పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టి, బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు.

"ఇది రాసిన రోజే చదివేవాడివా?"

"రోజూ!" మొహం వెలిగింది అతనికి. "ఏం గీశావే అసలు! కొత్త పేజీ కోసం ఎదురుచూసేవాణ్ణి."

అక్టోబరు నాలుగు. 'గ్వెన్ ఫోన్ చేసింది, అమ్మని తీసుకెళ్తానంది. దేవుడా, నిద్రపోతాను.' గ్వెన్ డెస్మండ్ చెల్లెలు. ఆ తర్వాత ఆమె రానేలేదు, ఎందుకు రాలేదో లోర్నా అడగలేదు. పక్కన పెన్సిల్: 'గ్వెన్ని ఆగమన్నాను. ఇంకా ముగింపు రాలేదు.' తేదీ అక్టోబరు అయిదు.

లోర్నా తనకి ఏడుపు వస్తుందనుకుంది. రాలేదు. పుస్తకం మూసింది.

"ఆ మలుపులో ఆపు. యూనియన్ ఆఫీసు దగ్గర."

టైటిల్స్ ఖాయమయ్యేలోపు సినిమాకి పనిచేసిన వాళ్ళెవరైనా కాగితాలు తీసుకెళ్ళి అక్కడ ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ఎవరో తెలియని ముగ్గురు కూర్చుని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, పేరెవరిదో తేలుస్తారు. డెస్మండ్‌కి ఆ పద్ధతి బాగా తెలుసు.

నవ్వాడు. ఆమె నవ్వకపోయేసరికి కారు పక్కకి ఆపాడు. "మతి ఉందా? అందులో మా అమ్మ పక్కబట్టల దగ్గర్నుంచి నువ్వు బాత్రూంలో ఏడ్చిందాకా అన్నీ ఉన్నాయి. ముక్కూ మొహం తెలియని వాళ్ళు చదివితే నీ పరువేం కాను లోర్నా?"

ఆమె తలుపు తీసుకుని దిగింది. పుస్తకాన్ని చంకలో పెట్టుకుని, కిటికీ దగ్గరికి వంగింది.

"చదవనీ. నా రాత పక్కనే నీ రాత కూడా ఉంది డెస్మండ్, తేదీలతో సహా."