కాఫీ చల్లారిపోతుంది

నేను ఒక మందుసీసాని. గోధుమరంగు ఒళ్లు, తెల్ల మూత, కడుపులో వంద థైరాయిడ్ బిళ్ళలు. ఒక నిండు మనిషిని మంచాన పడేసిన కేసులో మొదటి ముద్దాయిని నేనే.

ఫ్యాక్టరీలో పుట్టి, తెనాలిలో ఒక మందుల షాపులో కొన్నాళ్లు కూర్చుని, పూర్ణచంద్రరావు సంచిలో ఆ ఇంటికి చేరాను. బిళ్ళలు ఆయన భార్య భ్రమరాంబకి. వంటింటి అలమరలో ఖాళీ అయిన మా వంశమంతా కనిపించింది. ఇరవై ఐదు మోతాదు ముత్తాతలో ఆవాలు, యాభై తాతలో మెంతులు, వంద నాన్నలో లవంగాలు. నా ఒంటిమీద నూట ఇరవై ఐదు. మోతాదు ఇలా ఎందుకు పెరిగిందో మర్నాడు పొద్దున్నే అర్థమైంది.

"ఏమేవ్, లే. బిళ్ళ వేసేసుకో, కాఫీ చల్లారిపోతుంది."

ఒక చేతిలో బిళ్ళ, ఇంకో చేతిలో పొగలు కక్కే గ్లాసు. మంచం దగ్గరికే. పరగడుపున వేసుకోమన్న డాక్టరు మాట ఆయన మరచిపోలేదు. కాఫీ తిండి కాదని ఆయన నమ్మకం.

"మీ ఆయన బంగారం వదినా! మా ఆయనకి పొయ్యి ఎటు తిప్పితే వెలుగుతుందో కూడా తెలీదు," అనేది పక్కింటి కనకవల్లి.

ఆ బంగారు కాఫీ రోజూ బిళ్ళలో కొంత ఒంటికి పట్టనిచ్చేది కాదు. రక్తపరీక్షలో అంకె దిగేది కాదు. "రోజూ వేసుకుంటున్నారా?" అని డాక్టరు అడిగేవాడట. "ఒక్కరోజూ మానలేదండీ," అనేవారట ఇద్దరూ. నిజమే. దేంతో వేసుకుంటున్నారని ఆయన అడగలేదు, వీళ్లు చెప్పలేదు. మోతాదు ఇంకో మెట్టెక్కేది.

అప్పుడు కాశీ ప్రయాణం వచ్చింది. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైనదొకటి వదిలి రావాలి. తెలివైనవాళ్లు కాకరకాయ వదులుతారు. భ్రమరాంబకి ఆ తెలివి లేదు. గంగలో మునిగి కాఫీ వదిలేసింది. ఆయన ముఖం మాడిపోయింది.

"దొండకాయ వదలొచ్చుగా?"

"ఇష్టంలేనిది వదిలితే దేవుడికి తెలీదేంటండీ?"

ఆ మర్నాటి నుంచి బిళ్ళ మంచినీళ్లతో దిగింది. మొదటిసారి మొత్తం ఒంటికి పట్టింది. కాఫీ దోచుకోగా చాలక పెరుగుతూ వచ్చిన మోతాదు అది. ఇప్పుడు దొంగ లేడు, సొత్తంతా లోపలికే, అవసరానికి మించి.

ఆమె సన్నబడింది. నిద్రపట్టక తెల్లారకుండానే ఇల్లంతా కడిగేది. "విశ్వేశ్వరుడి చలవ!" అంది కనకవల్లి. చేతులు వణికాయి, గుండె దడదడలాడింది. "వయసు," అన్నాడు పూర్ణచంద్రరావు. ఒకరోజు పప్పుగుత్తి చేతిలోంచి జారింది. దాని వెనకే మనిషీ.

గుండె లయ తప్పి, గడ్డకట్టిన రక్తం మెదడుకి చేరిందన్నాడు ఆసుపత్రి డాక్టరు. పూర్ణచంద్రరావు వెంట తెచ్చిన నన్ను పైకెత్తి చూశాడు.

"మందు మార్చారా?"

"లేదండీ."

"ఇంకేమైనా మార్చారా?"

"ఏం లేదండీ. కాఫీ మానేసింది, అంతే."

డాక్టరు కలం ఆగింది. "బిళ్ళ దేంతో వేసుకునేవారు?"

"కాఫీతోనండీ. నేనే కలిపి ఇచ్చేవాణ్ణి," అన్నాడాయన, కాస్త గర్వంగానే.

ఆ గర్వం దిగిపోవడానికి డాక్టరు చెప్పిన రెండు మాటలు చాలాయి.

నేను నిర్దోషిగా విడుదలయ్యాను. ఇప్పుడు నాలో మిరియాలున్నాయి. మోతాదు తగ్గిన మా తమ్ముడు ఆమె మంచం పక్కన ఉంటాడు. అంతా పద్ధతిగా జరుగుతోంది. పొద్దున్నే నీళ్లతో బిళ్ళ, గంట గడిచాకే ఏదైనా, బిళ్ళకి అడ్డురాకుండా కాల్షియం మాత్ర మధ్యాహ్నానికి, డాక్టరు చెప్పినప్పుడల్లా రక్తపరీక్ష. ఆమె కుడిచెయ్యి లేవదు. మాట రాదు. ఆయన వైపే చూస్తూ ఉంటుంది.

ఆ గంటా ఆయన పక్కనే కూర్చుంటాడు. తనకని పెట్టుకున్న కాఫీ పొయ్యిగట్టు మీదే ఉంటుంది. మీగడ కడుతుంది. చల్లారిపోతోందని ఇప్పుడు ఆయన అనడు.