లెక్క తప్పిన మధ్యాహ్నం

పన్నెండు దాటినా తొడిమలు గిల్లుతున్న లాల్‌బీ చేతులు ఆగలేదు. సరిగ్గా అన్నం వేళకే ఆమెకు పని ముంచుకొస్తుంది. యాభై ఏళ్ల బక్కపలచని మనిషి. ఎన్ని ఉతుకులు ఉతికినా కొంగుకు మిరప ఘాటు వదలదు. గుంటూరు శివార్లలోని ఆ మిరపకాయల షెడ్డులో పద్దెనిమిదేళ్లుగా పనిచేస్తున్నా, ఆమె తినగా చూసినవాళ్లు లేరు. డబ్బా, చెంచా పట్టుకుని బస్తాల చాటుకు పోయేది.

చిన్నప్పుడు వాళ్ల నాన్న పిల్లల ఎదురుగా కూర్చుని ముద్దలు లెక్కపెట్టేవాడు. అయిదోది నోటిదాకా వస్తే కంచం గోడకు తగిలేది. ఆయన పోయి ముప్పై ఏళ్లయినా లెక్క మాత్రం పోలేదు. నాలుగు ముద్దలు, డబ్బాకు మూత. కొన్ని రోజులైతే ఆ నాలుగూ లేవు. కన్నబిడ్డల ముందు కూడా తినలేనందుకు లోలోపల కుమిలిపోయేది.

షెడ్డులో ఒక పద్ధతుంది. మిరప చేతులతో అన్నం ముట్టలేరు గనక, రోజుకొకరు వంతుగా చేతులకు నూనె రాసి, శుభ్రంగా కడుక్కుని, అందరి అన్నాలూ కలిపి ముద్దలు నోటికి అందిస్తారు. ఆరోజు వంతు పుల్లమ్మది. ఆమెకదే ఆఖరి రోజు కూడా. చీమకుర్తిలో కొడుకు పెట్టిన టీకొట్టుకు సాయంగా నాలుగింటి బస్సుకు వెళ్లిపోతోంది.

అందరికీ ముద్దలు పెట్టి లాల్‌బీ ముందు నిలబడింది. "ఏమే, ఇన్నేళ్లు పక్కనే కూర్చున్నా. ఈ ఒక్క ముద్ద నా చేత్తో తినవే, నా మనసు కుదుటపడుద్ది."

అక్క మాట తీసెయ్యలేక లాల్‌బీ కళ్లు మూసుకుని నోరు తెరిచింది.

అంతలోనే షెడ్డంతా గోల. ప్రయాణం హడావుడిలో పుల్లమ్మ చేతులు కడుక్కోవడమే మరిచిపోయింది! కారంలో పుట్టి కారంలో పెరిగిన ఆడవాళ్లు నాలుకలు బయటపెట్టి కుళాయి దగ్గర తోసుకున్నారు. "చంపావు గదే పుల్లమ్మా!"

ఆ ముద్దతో నోరు మండిపోయిన లాల్‌బీకి పక్కనున్న ఖుర్షిదా డబ్బా దొరికింది. చివర్లో తాగడానికి విడిగా ఉంచుకున్న పల్చటి పెరుగన్నం. ఎత్తి నోట్లోకి వంచుకుంది. మింగింది, మళ్లీ వంచుకుంది.

"ఓయమ్మో! లాల్‌బీ అక్క నా డబ్బా ఊడ్చేసింది!"

లాల్‌బీ బిగుసుకుపోయింది. ఎన్ని గుక్కలో తెలియదు. పద్నాలుగు మంది చూస్తున్నారు. కంచం గోడకు తగిలే చప్పుడు కోసం ఎదురుచూసింది. నవ్వులు తప్ప ఏమీ వినపడలేదు.

"ఇంకా ఉందా?" అంది.

పుల్లమ్మ కారిపోతున్న ముక్కు తుడుచుకుంటూ పడీపడీ నవ్వింది.

మూడున్నరకు పుల్లమ్మ సంచి భుజాన వేసుకుని, "వెళ్లొస్తానే," అని ఆటో ఎక్కేసింది. లాల్‌బీ గేటు దాకా వెళ్లి వచ్చి మళ్లీ కాయల ముందు కూర్చుంది.

"రేపు వంతెవరిది?" అడిగింది ఖుర్షిదా.

"నాది," అంది లాల్‌బీ.

కుళాయి గట్టు మీద పుల్లమ్మ మరిచిపోయిన కొబ్బరినూనె సీసా, పొద్దున తెచ్చి పెట్టినట్టే, మూతైనా తీయకుండా ఉంది.