మునగచెట్టు నిలిచిన చోటు

పొద్దున లేవగానే తిమ్మమ్మ ముందు మునగచెట్టు ఎక్కడుందో చూసుకునేది. ఆ తరువాతే కళ్లాపి చల్లేది. చూసుకోకుండా పేడనీళ్ల కుండతో నడిచి, నిన్నటిదాకా ఖాళీగా ఉన్న చోట చెట్టుకు నుదురు కొట్టుకున్న రోజులు ఆమెకు చాలానే ఉన్నాయి. నిన్న బావి దగ్గర ఉన్నది ఇవాళ వంటింటి గోడ పక్కన ఉండేది. మునగకు వేళ్లు లోతుగా దిగవు కదా, నడవడం దానికి పెద్ద కష్టం కాదని గద్వాలలో ఆ వీధివాళ్లు అనుకునేవాళ్లు. అంతకు మించి ఆలోచించే తీరిక వాళ్లకు లేదు. అన్నీ మగ్గాలున్న ఇళ్లు. వీధి పొడవునా మగ్గం పడుగు పోగులు సాగదీసుకునేటప్పుడు ఆ చెట్టు అడ్డం రాకుంటే చాలు.

ఇంట్లో ఎవరి రక్తం చెడితే వాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడేది ఆ చెట్టు. ఇటిక్యాలకిచ్చిన కూతురు పురిటికి వచ్చినప్పుడు నెల రోజులు ఆ గది కిటికీ వదల్లేదు. అత్త కిష్టమ్మకు చలిజ్వరం పట్టినప్పుడు ఆమె మంచాన్ని ఆనుకొని నిలబడితే, ముసలమ్మ దాని కొమ్మ మీదే చీర ఆరేసుకుంది. ఆకు కోసి పప్పులోనో చారులోనో వేసి పెడితే మనిషి కోలుకునేది, చెట్టు తిరిగి బావి దగ్గరికి పోయేది.

ఆ ఇంట్లో ఆ ఆకు ముట్టనివాడు ఒక్క రామచంద్రయ్యే.

రామచంద్రయ్య తిమ్మమ్మ మొగుడు. ఆ వీధి మగ్గాలకు నూలూ పట్టూ రంగు వేసిచ్చేది ఆయనే. నీలిమందు కలిపిన బాన పదునుకు వచ్చిందో లేదో వేలు ముంచి, నాలుక మీద రాసుకొని చెప్పేవాడు. సున్నం ఎక్కువైతే నాలుక కొసన తెలుస్తుందట, బెల్లం చాలకపోతే నాలుక మొదట్లో. ఆ నాలుకను కాపాడుకోవడానికి తండ్రి చెప్పిన నియమం ఒకటుంది. ఆకుకూర తినరాదు, పులుపు తినరాదు, తమలపాకు నమలరాదు. నలభై ఏళ్లుగా ఆయన తిన్నది జొన్నరొట్టె, చప్పిడి పప్పు. అలంపురం నుంచి కూడా మనుషులు వచ్చి, మా బానను ఒక్కసారి చూడమని బతిమాలి తీసుకుపోయేవాళ్లు. మనిషిని మునగచెట్టు ఎక్కించడానికి జనం ఎప్పుడూ సిద్ధమే. ఇంట్లో ఉన్న చెట్టు ఆకు ముట్టడు గానీ, ఈ చెట్టు మాత్రం ఆయన ఎక్కి హాయిగా కూర్చున్నాడు.

జర్మనీవాళ్లతో పెద్ద యుద్ధం మొదలు కావడానికి ఏడాది ముందు, దసరాకు సంస్థానం కోటలోకి ఎర్ర అంచు చీరలు కావాలని కబురొచ్చింది. అంచుకూ కొంగుకూ ఒకే ఎరుపు పడాలి, ఆవగింజంత తేడా ఉండకూడదు. ఆ ఎరుపు కోసం రాయచూరు నుంచి సీమరంగు, అంటే విదేశాల్లో చేసిన రంగు పొడి, డబ్బా వచ్చింది. తెచ్చినవాడు, ఇన్ని నీళ్లకు ఇన్ని చెంచాలని చెప్పి ఒక తగరపు చెంచా కూడా ఇచ్చాడు.

"చెంచా చెప్తదా రంగు సంగతి?" అని రామచంద్రయ్య దాన్ని చూరులో దోపాడు.

ఆ రోజు నుంచి ఎర్ర బానను కూడా నాలుకతోనే చూడడం మొదలుపెట్టాడు. పొద్దున రెండుసార్లు, మధ్యాహ్నం రెండుసార్లు. ఆ రంగు ఘాటుగా ఉండేది, వాసనకే కణతలు పోటెత్తేవి. నాలుకకు ఏమీ అందేది కాదు. అందడం లేదని ఒప్పుకోలేక ఇంకోసారి చూసేవాడు.

వారం తిరగకముందే మునగచెట్టు వచ్చి రంగు కొట్టం గుమ్మం ముందు నిలబడింది.

గుమ్మం పక్కనే కూర్చొని పట్టు కండెలు చుడుతున్న కిష్టమ్మ తలెత్తి చూసింది. "వచ్చినావా తల్లీ? నాకోసమే వచ్చినవ్ తియ్యి. డెబ్బై ఏండ్లొచ్చినయి, ఇంక రక్తమేడుంటది నాకు?"

"నీకోసం కాదేమో అత్తా, నాకోసమేమో. దినమంతా ఆ ఎర్రనీళ్లల్లనే చేతులు పెట్టి ఉంటున్న," అంది తిమ్మమ్మ.

ఎవరికోసమైతేనేం, ఇద్దరూ తినడం మొదలుపెట్టారు. పప్పులో ఆకు, చారులో ఆకు, రొట్టె పిండిలో ఆకు. చెట్టు మాత్రం కదల్లేదు. కొట్టంలోకి పట్టు తీసుకుపోవాలంటే కొమ్మలు పక్కకు నెట్టి వంగి పోవాల్సి వచ్చేది. తిమ్మమ్మకు లోపల ఏదో గుబులు. ఇంత తిన్నా ఎందుకు పోవడం లేదు ఇది? అత్త మొహం చూసేది, తన గోళ్లు చూసుకునేది. ఇద్దరూ బాగానే ఉన్నారు. మొగుడి మొహం చూడాలని ఆమెకు తోచలేదు. నీలి బాన రుచి చూసి చూసి ఆయన పెదవులు పెళ్లినాటి నుంచీ నల్లగానే ఉన్నాయి మరి. రంగులాయన పెదవులు ఇంకొంచెం నల్లబడితే ఎవరికి తెలుస్తుంది?

ఆయన బావి నుంచి కొట్టం దాకా నీళ్లు మోసేసరికి మధ్యలో రెండుసార్లు ఆగేవాడు. తలపోటని నుదుటికి గుడ్డ కట్టుకున్నాడు. అడిగితే పొగ అనేవాడు. దసరా దగ్గరపడుతోంది, ఎరుపు ఒకసారి ముదురుగా, ఒకసారి లేతగా పడుతోంది. మనిషికి నిలకడ లేదు. కూర్చుంటే లేచేవాడు, లేస్తే కూర్చునేవాడు.

ఒకరోజు పొద్దున చూస్తే చెట్టు సరిగ్గా గుమ్మంలో ఉంది. లోపలికి దారే లేదు. రామచంద్రయ్య గొడ్డలి తెచ్చాడు.

"ఏంది కొడుకా, మతి పోయిందా?" అని కిష్టమ్మ అరిచింది.

"కోటల చీరలు ఇది నేస్తదా? నా పనికి అడ్డమొస్తుంది దినాం!"

గొడ్డలి ఎత్తాడు గానీ చేతుల్లో సత్తువ లేదు. అది చెట్టును తాకకుండానే జారి మోకాలి కింద గీసింది. ఆయన అక్కడే కూలబడ్డాడు. తిమ్మమ్మ పరుగెత్తుకొచ్చి, చేతిలో ఉన్న తెల్లపట్టుతోనే గాయాన్ని అదిమింది. తీసి చూసి ఆగిపోయింది.

"ఇదేం రంగు?" అంది.

పట్టు మీద పడింది ఎరుపు కాదు. చింతపండు పులుసు రంగు. ముప్పై ఏళ్లు ఎరుపుకూ ఎరుపుకూ తేడా చూసిన కళ్లు ఆమెవి. గొడ్డలి అంచుకు తన వేలు ఆనించి గీరుకొని, కారిన చుక్కను అదే పట్టు మీద, మొగుడి రక్తం పక్కనే పెట్టింది. రెండు బానల రంగు సరిచూడాలంటే ఆ ఇంట్లో అలాగే చూస్తారు. ఆమెది కోటలోకి పంపాల్సినంత చక్కటి ఎరుపు.

"ఒక్కటే కొట్టం, ఒక్కటే నీళ్లు," అంది తిమ్మమ్మ. "నేను ఆకు తింటున్న, నువ్వు ఆకు ముట్టక ఆ రంగే నాకుతున్నవ్. గింతే తేడా. ఇది నీకోసం వచ్చిందయ్యా. మేమే తెలివితక్కువోళ్లం."

"ఆకు తింటే నాలుక పోతది."

"పోనీ."

"నాలుక పోతే నేనెవన్నే?" అన్నాడు రామచంద్రయ్య.

"నా మొగునివి," అంది తిమ్మమ్మ, ఆకు దూస్తూ.

తిన్నాడు. మొదటిరోజు కక్కాడు, రెండోరోజు తిన్నాడు. తిమ్మమ్మ ఆకు పసరు పిండి తాగించింది, పప్పు చేసింది, పొడి చేసి రొట్టెలో పెట్టింది. ఏ బానలోనూ వేలు పెట్టనివ్వలేదు. పదిహేను రోజులకు ఆయన బావి నుంచి కొట్టం దాకా ఆగకుండా నడిచాడు. తిమ్మమ్మ అద్దం తెచ్చి చూపిస్తే పెదవులు ఎర్రగా ఉన్నాయి. తన పెదవులు ఆ రంగులో ఉంటాయని ఆయనకే తెలియదు. చెట్టు గుమ్మం వదిలి బావి దగ్గరికి పోయింది.

నాలుక మాత్రం నిజంగానే పోయింది. నీలి బాన రుచి చూస్తే మునగాకు రుచే తగిలింది. రామచంద్రయ్య ఎవరికీ తెలియకుండా చూరులోంచి చెంచా తీశాడు. చెంచా లెక్కన వేస్తే ఎరుపు ఒక్క తీరుగా పడింది. కానీ వీధి చూస్తుంటుంది కదా. అందుకని ఆయన ఒక ఉపాయం చేశాడు. చూపుడువేలు బానలో ముంచి, నడిమివేలు నోట్లో పెట్టుకునేవాడు. కళ్లు మూసుకొని, తల ఊపి, "ఆ, పదునొచ్చింది," అనేవాడు. జనం నమ్మారు. తిమ్మమ్మకు తెలుసు. బతికాడు చాలులే అని ఊరుకుంది.

ఎదురింటి ఎల్లన్న కూడా నమ్మాడు. ఆయనది రామచంద్రయ్యను చూసి కొత్తగా రంగుల పని నేర్చుకున్న చేయి. పని ఎక్కువై రామచంద్రయ్య సగం డబ్బా ఎర్రరంగు ఆయనకే ఇచ్చాడు. చెంచా మాట రామచంద్రయ్య చెప్పలేదు. ఇచ్చేటప్పుడు చెప్పాలనుకున్నాడు, నోరు రాలేదు.

దసరా ఇంకా పది రోజులుందనగా, తిమ్మమ్మ కళ్లాపి కుండతో వచ్చి చూస్తే బావి దగ్గర చెట్టు లేదు. వంటింటి దగ్గర లేదు, కొట్టం దగ్గర లేదు. వీధిలోంచి అరుపులు వినిపించాయి. సాగదీసిన పడుగును పక్కకు నెట్టుకుంటూ చెట్టు వీధి దాటింది. ఎల్లన్న గుమ్మం ముందు నిలబడి ఉంది.

రామచంద్రయ్య ఆ చెట్టును చూశాడు. వీధిలో పడుగు చిక్కు తీస్తున్న మనుషులను చూశాడు. అందరూ ఉన్నారు. కాసేపు చూరు పట్టుకొని నిలబడి, చెంచా తీసుకొని వీధి దాటాడు.

ఎల్లన్న బాన మీదికి వంగి ఉన్నాడు. తలకు గుడ్డ కట్టుకున్నాడు, పెదవులు నల్లగా ఉన్నాయి. వేలు నోటి దగ్గరికి వచ్చింది.

"ఎల్లన్నా, ఆగు. నాలుకకు పెట్టకు."

"ఏందన్నా, నీ లెక్కనే చూస్తున్న కదా?"

రామచంద్రయ్య వీధికి వినబడేలా చెప్పాడు. "నా లెక్క అబద్ధం. చూడు. ముంచేది ఈ వేలు. నోట్లో పెట్టుకునేది ఈ వేలు." రెండు వేళ్లూ ఎత్తి చూపించాడు. "ఈ రంగు రక్తం తింటది. నాకు సావొచ్చి పోయింది. సిగ్గుపడి నీకు చెప్పలే. నా నాలుకకు ఇప్పుడేం తెల్వదు తమ్మీ. ఇగో, చెంచా."

పడుగు పట్టుకున్న చేతులు అలాగే ఉన్నాయి. ఎల్లన్న తన వేలు చూసుకొని, మెల్లగా ధోవతికి తుడుచుకున్నాడు. రామచంద్రయ్య కొమ్మ వంచి గుప్పెడు ఆకు దూసి, అందరూ చూస్తుండగా సగం తన నోట్లో వేసుకొని, సగం ఎల్లన్న చేతిలో పెట్టాడు.

ఎల్లన్న భార్య చేట పట్టుకొని బయటికి వచ్చింది. ఆకు కోస్తూ అడిగింది.

"పప్పులెయ్యాల్నా అన్నా, చారులనా?"

నలభై ఏళ్లు నాలుకను దాచుకున్న మనిషి కాసేపు నములుతూ ఆలోచించాడు.

"పప్పులనే బాగుంటది," అన్నాడు. "ఉప్పు జర ఎక్కువ పడ్తది."