నడుముకు కట్టిన తాడు

మైపాడులో జడ కోలాటం అంటే చెంచులక్ష్మి పేరే చెప్పేవారు. నడుమ నిలబెట్టిన స్తంభం పైనుంచి రంగు తాళ్లు వేలాడతాయి. ఆడవాళ్లు తలా ఒక తాడు ఎడమచేత పట్టుకొని, కుడిచేతి కోలను ఎదురు మనిషి కోలకు తాటిస్తూ ఒకరినొకరు దాటుకుంటూ తిరుగుతారు. పైన జడ అల్లుకుంటూ దిగుతుంది. తాళ్లు పొట్టిబడేకొద్దీ మనుషులు దగ్గరవుతారు. ఆ తర్వాత వెనక్కి తిరిగి జడ విప్పాలి. పాట చెంచులక్ష్మిది. ఎవరి అడుగైనా తడబడితే ఆమె పాటను సాగదీసేది. అడుగు కుదిరాకే మళ్లీ అందుకునేది.

ఈ ఏడు గంగమ్మ జాతరకు ఆమె అన్న కూతురు ఉష అదంతా మార్చేసింది. నెల్లూరులో డాన్స్ క్లాసులకు పోయి వచ్చిన పిల్ల. పాటకు బదులు డీజే పెట్టించింది. తాడు చేతిలో కాదు, నడుముకు కట్టుకోవాలంది.

"నడుముకెందుకమ్మే? చేతిలో ఉంటే, ఏదన్నా అయితే వదిలేస్తాం."

"చేతులు ఖాళీగా ఉంటేనే గదత్తా గిరికీలు కొట్టేది! నీ అడుగులే ఇంకా వేస్తుంటే చూసేదానికి ఎవురొస్తారు?"

పక్కనే ఉన్న కామమ్మ పకపకా నవ్వింది. పెళ్లైన నాటి నుంచీ చెంచులక్ష్మికి ఎదురుగా నిలబడి ఆడిన మనిషి కామమ్మ. ఉష మాట కంటే ఆ నవ్వే చెంచులక్ష్మికి గుచ్చుకుంది. తాడు నడుముకు కట్టించుకుంది.

సాధన చేసేటప్పుడే ఒకసారి ఉష గిరికీ తప్పింది. తాడు ఆమె భుజం మీదుగా జారి మెడను ఒరుసుకుంటూ పోయింది. ఎర్రగా గీత తేలింది. "ఏం కాలా," అని ఉష చున్నీ కప్పుకుంది.

జాతర నాడు పొద్దు వాలేసరికి సముద్రం మీద మబ్బు కమ్మింది. గాలికి తాళ్లు నిలవడం లేదు, ఒకదానికొకటి పెనవేసుకుంటున్నాయి. వాటిని ఎలాగో విడదీసి నడుములకు కట్టించుకున్నారో లేదో, డీజే నడిపే వినోద్ పాట మోగించాడు. ఆ మోతకు కాళ్ల కింద ఇసుక అదిరింది.

ఆట వేగంగా సాగింది. జనం ఈలలు వేస్తున్నారు, ఫోన్లు పైకెత్తారు. జడ తలల మీదికి దిగుతోంది. అప్పుడే ఉష ఎదురు దిక్కుకు గిరికీ కొట్టింది. తాడు ఆమె భుజం మీదికెక్కడం చెంచులక్ష్మి చూసింది. అరవడానికి నోరు తెరిచింది.

తెరిచి, మూసుకుంది. తగలనీ. అందరి ముందూ ఒకసారి తగిలితే తెలిసొస్తుంది.

ఇంకొక చుట్టు తిరిగి ఎదురుపడేసరికి తాడు ఉష మెడను చుట్టేసింది. ఆమె చేతులు ఆ తాడును గీరుతున్నాయి. ముఖం నల్లబడింది. జనం అదీ ఆటలో భాగమే అనుకొని చప్పట్లు కొట్టారు.

"ఆపండే! ఆపండి!"

డీజే మోతలో చెంచులక్ష్మి కేక ఆమెకే వినిపించలేదు. నడుముకు కట్టిన తాళ్లు లాగుతుంటే, వెనకనుంచి ఆడవాళ్లు తోసుకొస్తుంటే, ఎవరూ ఆగలేకపోయారు. జడ ఇంకా బిగిసింది. చెంచులక్ష్మి చేతిలోని కోల పారేసి ఉష మీద పడింది, రెండు చేతులా ఆమె నడుము వాటేసి పైకెత్తింది. వెనక వస్తున్న కామమ్మ వాళ్లను గుద్దుకొని కూలబడింది. అప్పటికి గానీ వరస ఆగలేదు. పడవల గంగులయ్య వలలు కోసే కత్తితో పరిగెత్తుకొచ్చి తాడు తెగ్గోశాడు. పాట మాత్రం మోగుతూనే ఉంది.

ఉష బతికింది. నెల్లూరు ఆసుపత్రిలో మెడకు పట్టీతో పడుకోబెట్టారు. గొంతు ఎప్పటికి బాగుపడుతుందో చెప్పలేమన్నారు. కామమ్మ చూడటానికి వచ్చి, వరండాలో చెంచులక్ష్మి చేతులు పట్టుకొని ఏడ్చింది.

"నువ్వు చెప్తానే ఉండావు. మేమే వినలా. ఇంక అంతా నీ పద్ధతే అక్కా."

చెంచులక్ష్మి చేతులు విడిపించుకొని లోపలికి పోయింది. ఉష కళ్లు తెరిచే ఉంది.

"చూసినావు గదా?" గీరుకుపోయిన గొంతుతో అడిగింది.

"చూసినా."

"ఎప్పుడు?"

"భుజం మీదికి ఎక్కినప్పుడే. ఒక చుట్టు ముందు."

ఉష మెడ పట్టీని వేళ్లతో తడుముకుంది.

"ఎవురికీ చెప్పబాక," అంది. "మళ్లీ ఆడతాం. కామమ్మను పక్కకు పొమ్మను. నీకు ఎదురుగా నేనే నిలబడతా. ఈసారి నువ్వు నోరు మూసుకుంటే నాకు కనబడాల."