అరవై ట్యాంకర్ల లెక్క

టికెట్ల కిటికీ అంచు దాకా వరద వచ్చిన ఏడాది జరిగిందిది. ఈతకొలను బురదతో నిండిపోయింది. కాపలాదారు పది రోజులు ఎత్తిపోసి, గచ్చంతా రుద్ది కడిగాడు. మంచినీళ్లు తోలే పని వాళ్ల బావకే పడింది. అక్క మొగుడు, ట్యాంకరు డ్రైవరు.

నలభై ట్యాంకర్లకే కొలను నిండిపోయింది.

కాపలాదారుకు ఎక్కడో తేడా కొట్టింది. ఎప్పటిలాగే లోతు ఎక్కువున్న వైపు నిలబడి వెదురుగడ ముంచాడు. మూడు మీటర్లు తడిసింది. పొడుగు ఇరవై, వెడల్పు పది. హెచ్చవేస్తే ఆరు వందల ఘనపు మీటర్లు. ట్యాంకరుకు పది పడుతుంది. అంటే అరవై ట్యాంకర్లు. మరి తక్కిన ఇరవై ట్యాంకర్ల నీళ్లు ఎక్కడివి?

వెనక గుంటలో వరదనీళ్లు ఇంకా పచ్చగా నిలిచే ఉన్నాయి. గట్టున మోటారు. దాని పైపు తడిగా ఉంది. గుంట కాస్త తగ్గినట్టే అనిపించింది. నిన్న తను భోజనానికి వెళ్లినప్పుడు ఇక్కడ బావ ఒక్కడే ఉన్నాడు. రేపు బడిపిల్లలు దిగుతారు. ఆ నీళ్లు నోట్లోకి పోతే?

మేనేజరు చెవిన వేశాడు.

"ఆ బండి ఇక గేటు దాటకూడదు. మిగతా చోట్ల కూడా చెప్పేస్తా" అన్నాడు మేనేజరు.

సాయంత్రానికి బావ ఊగిపోతూ వచ్చాడు.

"ఏం బామ్మర్దీ, నేను గుంటనీళ్లు తోడానటగా?"

"ఊరికే అనలేదు బావా. లెక్కుంది."

"ఏదీ, చెప్పు."

చెప్పాడు. బావ చొక్కా విప్పి అటు చివర దిగాడు. నీళ్లు బొడ్డు దాకా వచ్చాయి. నడిచాడు. ఛాతీ దాకా. మెడ దాకా. ఇంకో రెండడుగులకు మునిగి, ఈదుకుంటూ వచ్చి గట్టు పట్టుకున్నాడు.

"నా బొడ్డు మూడు మీటర్ల ఎత్తునుందట్రా? మీ అక్కనడుగు! పది రోజులు ఆ వాలు మీదే జారిపడుతూ కడిగావే. కర్ర మాత్రం ఒక్కచోటే ముంచావు."

కాపలాదారు పెదవులు కదిలాయి. ఈ చివర మూడు, ఆ చివర ఒకటి. సగటు రెండు. నాలుగు వందలు. నలభై ట్యాంకర్లు.

"మరి మోటారు పైపు ఎందుకు తడిసింది?" అన్నాడు, అప్పటికీ.

"తెల్లారుజామున జల్లు పడలా? గోడ కూడా తడిసింది. దాన్నీ నిలదీయి!"

బావ తల తుడుచుకోకుండానే వెళ్లిపోయాడు. తర్వాత అక్కకు ఫోన్ చేస్తే ఎత్తలేదు.

మర్నాడు పొద్దున్నే కాపలాదారు మేనేజరు ఇంటికి వెళ్లాడు. లోపలికి రమ్మన్నా వెళ్లలేదు.

"తప్పు నాది. ఆ బండిని రానివ్వండి. మీరు ఎక్కడెక్కడ చెప్పారో అక్కడికల్లా నేనూ వస్తాను" అన్నాడు. మేనేజరు చొక్కా తొడుక్కుని బయటికొచ్చేదాకా మెట్ల మీదే కూర్చున్నాడు.