సున్నం కింది పేరు

నేను ఒక కాలు పొట్టి బల్లను. తుమ్మ చెక్క. నలుగురు కూర్చోవచ్చు, ఇరుక్కుంటే ఐదుగురు. గొప్ప చెప్పుకోడానికి ఏమీ లేదు గనక, చెప్పాల్సింది చెప్పి ఊరుకుంటాను.

నన్ను చేసింది పెన్న ఒడ్డు పల్లెలో వీరాచారి అనే వడ్రంగి. చేసింది బడి కోసం. హెడ్మాస్టరు వచ్చి నా మీద చెయ్యి పెట్టి నొక్కాడు. నేను టక్కున ఒక పక్కకు ఒరిగాను. "పిల్లోళ్ళు రాసేటప్పుడు అక్షరం వంకర పోతుంది ఆచారీ, ఇది వద్దు" అన్నాడు. ఒక కాలు పొట్టిదైందని ఆచారి ఒప్పుకోలేదు. మిగతా మూడూ పొడుగైనాయన్నాడు.

అప్పుడు అటు పోతున్నాడు మాలకొండయ్య. ఊళ్ళో సారా కొట్టు నడిపేది ఆయనే. నన్ను రెండుసార్లు ఊపి చూసి నవ్వాడు.

"తాగినోళ్ళకి ఏ కాలు పొట్టిదో ఏం తెలుస్తాది. మా కొట్లో పడెయ్ ఆచారీ."

అలా బడికి పోవాల్సినదాన్ని సారా కొట్టుకు పోయాను. పెంకుల కప్పు కింద ఒకటే గది. వీధి గోడ మీద నీలం రంగుతో 'ప్రభుత్వ సారా దుకాణం' అని పెద్ద అక్షరాలు. మాలకొండయ్య నా పొట్టి కాలి కింద ఒక పెంకు ముక్క పెట్టాడు. దాంతో నా లోపం ఎవరికీ కనపడలేదు. మనుషులు తమ లోపాల కింద ఏమేం పెట్టుకుంటారో ఆ తర్వాత అక్కడే చాలా చూశాను.

బల్లకు మనుషులు మాటల వల్ల తెలియరు, బరువు వల్ల తెలుస్తారు. అందరిలోకీ తేలిక మనిషి శీనయ్య. మూటలు మోసేవాడు. ఎప్పుడూ నా పొట్టి కాలి వైపు చివరనే కూర్చునేవాడు, ఎవరికీ అడ్డం కాకుండా. మాట్లాడేవాడు కాదు. సారా పాకెట్టు మూల కొరికి, తల వెనక్కి వాల్చి తాగి, ఖాళీ పాకెట్టును చక్కగా మడిచి పక్కన పెట్టేవాడు. ఆ మడత చూస్తే ఇంట్లో పద్ధతిగా బతికిన మనిషని తెలిసిపోయేది.

ఒక మధ్యాహ్నం అట్లాగే మడుస్తూ పక్కకు ఒరిగాడు. తాగేవాళ్ళు నలుగురు ఆయన్ని నా మీదనే పడుకోబెట్టి, నా కాళ్ళు పట్టుకుని ఎత్తారు. కొట్లో పడ్డాక నేను గడప దాటడం అదే మొదలు. దారిలో కొంత దూరం ఆయన బరువు ఒక రకంగా ఉంది. ఇంటి ముందు దించేసరికి వేరే రకంగా ఉంది. అది బల్లకు తెలుస్తుంది. ఆయన భార్య రవణమ్మ నాట్లు వేసే చేలోంచి పరిగెత్తుకొచ్చింది. చేతులకు బురద అట్లాగే ఉంది.

అంతా అయిపోయాక నేను వాళ్ళ పంచలోనే ఉండిపోయాను. మాలకొండయ్య పరామర్శకు రాలేదు. కొట్లో కూర్చోడానికి చోటు చాలక కూతుర్ని పంపాడు.

ఆ పిల్ల పేరు కామాక్షి. అప్పుడు రెండు జడలు వేసుకుని బడికి పోయేది. గడప దగ్గర నిలబడి కాలి బొటనవేలితో నేల గీకుతూ ఉంది. రవణమ్మ ఆ పిల్లను చూసింది, నన్ను చూసింది.

"బల్ల కోసరం వచ్చినావా, అమ్మే?"

కామాక్షి తలెత్తకుండానే ఊపింది.

రవణమ్మ లోపలికి పోయి బిందెడు నీళ్ళు తెచ్చింది. కొబ్బరి పీచుతో నన్ను పైనా కిందా రుద్ది కడిగింది. "బరువుగా ఉంటాది. ఒక్కదానివే మొయ్యలేవు" అని రెండో కొస తనే పట్టుకుంది. వెనకాల ఆమె చిన్నకూతురు వనజ నడిచొచ్చింది. కొట్టు ముందు నన్ను దించి, రవణమ్మ మెట్టెక్కకుండా వెనక్కి తిరిగిపోయింది. లోపల మాలకొండయ్య పాకెట్లు సర్దుకుంటూ ఉన్నాడు. కూతురి మొహం చూడలేదు. నేను తడిగా ఉన్నాను గనక ఆ పూట ఎవరూ కూర్చోలేదు. ఆ తడే ఆరకుండా ఉంటే బాగుండునని నాకనిపించింది.

తర్వాత ఊరూరా ఆడవాళ్ళు లేచారు. మా ఊళ్ళో ముందు నిలబడింది రవణమ్మే. చీపుళ్ళూ కారప్పొడీ పట్టుకుని వచ్చి, పాకెట్లన్నీ వీధిలో పోసి నిప్పు పెట్టారు. ఎవరో నన్ను కూడా లాగి మంట దగ్గరకు తెచ్చారు.

"దాన్ని కాల్చబాకండి" అంది రవణమ్మ. "ఈ కొట్లోంచి మా ఇంటిదాకా వచ్చింది అదొక్కటే. కొట్టోడు రాలా."

మంటలో పడి ఉంటే నాకు అంత మంట పుట్టేది కాదు.

కొన్నాళ్ళకు సారాయే లేకుండా పోయింది. కొట్టు మూతపడింది. మాలకొండయ్య మేకలు కొనుక్కున్నాడు. నేను చీకట్లో ఉన్నాను, బల్లులతో.

మళ్ళీ తలుపు తెరిచింది కామాక్షి. బస్సులో నెల్లూరు పోయివస్తూ డిగ్రీ చదివింది. ఊళ్ళో కూలి చేసుకునేవాళ్ళ పిల్లలు లెక్కల్లో తప్పి బడి మానేస్తుంటే, ట్యూషను పెడతానంది. గది ఇదొక్కటే ఉంది. బల్లనూ నేనొక్కదాన్నే ఉన్నాను. వీధి గోడకు దట్టంగా సున్నం కొట్టించింది. ఇక కావాల్సింది పేరు.

"మాలకొండ నరసింహస్వామి ట్యూషన్ అని పెట్టు" అన్నాడు తండ్రి. "దేవుడి పేరుంటే ఎవురూ ఏమీ అనరు."

"నీ పేరు గూడా కలిసొస్తాదని గదా, నాయనా."

ఆయన మేకల దగ్గరకు పోయాడు.

ఆమె 'జ్ఞానజ్యోతి' అని పెట్టింది. మస్తాన్ అనే పెయింటరు టౌను నుంచి సైకిలు మీద వచ్చి, చుట్టూ కిరణాలతో ఒక దీపం కూడా వేశాడు. పిల్లలు వచ్చారు. నా మీద పలకలూ పుస్తకాలూ పెట్టారు. కానీ ఆ పిల్లలు టీ కొట్టు ముందునుంచి పోవాలి. అక్కడ కూర్చున్నవాళ్ళు ఊరుకోరు.

"ఏందబ్బయ్యా, పొద్దుగూకే కాడికి కొట్టుకి బయలుదేరినావు. మీ తాత గూడా ఇదే టయానికి పొయ్యేటోడు."

"ఈడికి అప్పు పెడతారో లేదో కనుక్కోండిరా."

పిల్లలకు కూడా నోరు తిరిగింది. ఎక్కడికి పోతున్నావని ఎవరన్నా అడిగితే, సారా కొట్టు కాడికి అనేవాళ్ళు. జ్ఞానజ్యోతి అంటే ఎవరికీ దారి తెలియదు. సారా కొట్టంటే కళ్ళు మూసుకున్నా వస్తారు. తల్లులకు తల కొట్టేసినట్టయింది. ఒకరి తర్వాత ఒకరు పిల్లల్ని మాన్పించారు.

పేరులోనే తప్పుందనుకుంది కామాక్షి. 'బ్రైట్ ఫ్యూచర్' అని మార్చింది. ఆ ఏడు వాన ముసురు పట్టింది. గోడ చెమ్మగిల్లి, సున్నం కింద నుంచి నీలం అక్షరాలు పైకి తేలాయి. బ్రైట్ ఫ్యూచరుకు సరిగ్గా కింద సారా దుకాణం. మస్తాన్ వచ్చి చూసి నడుం మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"గోడ కంటే పేర్లే మందం అయితుండాయి అమ్మే."

ఆమె నవ్వలేదు. నా మీద కూర్చుంది. ఒంటి జడ ఇప్పుడు. గుమ్మంలో తండ్రి నిలబడి ఉంటే, అటు చూడకుండా చెప్పింది. "రవణమ్మక్క కూతురు వనజ పదో తరగతి. లెక్కల్లో తప్పుతా ఉంది. ఈ ఏడు పొయ్యిందంటే కూలికి పోతాది. ఆ పిల్ల ఈడికి వస్తే అందరూ వస్తారు. రాకపోతే ఏ పేరు పెట్టినా ఒకటే."

మర్నాడు ఆమె రవణమ్మ ఇంటికి పోయింది. ఏం మాట్లాడిందో నాకు తెలియదు. సాయంత్రం రవణమ్మే కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. మెట్టెక్కలేదు. మస్తాన్ నిచ్చెన వేసుకుని, కొత్త సున్నం మీద దారం పట్టి గీతలు కొడుతున్నాడు.

"మా ఇంటాయన పేరు గోడకు పెడతానంటివి గదా" అంది రవణమ్మ.

"ఊ అక్కా. నువ్వు ఒప్పుకుంటేనే."

"ఆ మనిషి పేరు మీ గోడకెందుకమ్మే? నీ మనసు కుదుటపడేదానికా?"

కామాక్షి తల దించుకుంది. మళ్ళీ బొటనవేలితో నేల గీకుతోంది. అంత చదివినా ఆ వేలు మారలేదు.

"మరి ఏం పెట్టమంటావక్కా?"

"ఉండే పేరే. సారా కొట్టు."

నిచ్చెన మీద మస్తాన్ చెయ్యి ఆగిపోయింది.

"ఎగతాళి కాదు" అంది రవణమ్మ. "నువ్వు సున్నం కొట్టి ఇంకో పేరు రాసుకుంటే, నా మొగుడు యాడ చచ్చినట్టు? బ్రైట్ ఫ్యూచర్‌లోనా? నా బిడ్డ యాడ చదవతా ఉందని అడిగితే, వాళ్ళ నాయన పోయిన కాణ్ణే చదవతా ఉందని చెప్పాల నేను. ఆడే పాసయిందని చెప్పాల. అట్టయితే పంపిస్తా. లేదంటే దాని రాత దానిది."

అంతసేపూ తలుపు చాటున ఉన్న మాలకొండయ్య బయటికొచ్చాడు.

"అంత పెద్ద అచ్చరాలతో రాస్తే నా మొహం యాడ పెట్టుకునేది, రవణమ్మా?"

"నీ బిడ్డ మా గడప కాడ నిలబడిన రోజు యాడ పెట్టుకొనుంటివో, ఆడే పెట్టుకో, కొండయ్యన్నా."

ఆమె గొంతు పెంచలేదు. అన్నా అని కూడా మానలేదు. మాలకొండయ్య కాళ్ళ దగ్గరికొచ్చిన మేకపిల్ల చెవి పట్టుకుని నిమరసాగాడు. నా కాళ్ళు నేలలోకి దిగిపోతే బాగుండుననిపించింది. చెక్క అంత సులువుగా దిగదు.

"నిజంగానే రాయాల్నా, అమ్మే?" అన్నాడు మస్తాన్.

"రాయన్నా. సున్నం గీకి, ఆ నీలం అక్షరాల మీదే దిద్దు. పక్కన ట్యూషన్ అని కలుపు."

"ముందర ప్రభుత్వ అని ఉండాది. అది గూడా ఉంచాల్నా?"

"సర్కారూ సిగ్గుపడాల్సిందే" అంది రవణమ్మ. "అయితే దానికి చదవను రాదు. తీసెయ్."

అప్పుడు మెట్టెక్కింది. కూతుర్ని భుజం పట్టుకుని లోపలికి తెచ్చింది. వనజ వచ్చి నా పొట్టి కాలి వైపు చివర కూర్చుంది. వాళ్ళ నాయన చోటు అదేనని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. పెంకు ముక్క ఎప్పుడో జారిపోయిందేమో, నేను టక్కున ఒరిగాను. ఆ పిల్ల లేచి, వంగి చూసి, ముక్కను వెతికి కాలి కింద దోపి మళ్ళీ కూర్చుంది. నాయన కంటే బరువుగా ఉంది. ఇంట్లో వేళకు అన్నం ఉడుకుతోందన్నమాట.

ఆ పిల్ల పాసయింది. అదేమీ చెప్పుకోదగ్గ మార్కులతో కాదు. అయినా రవణమ్మ టీ కొట్టు ముందు ఆగి, అడగనివాళ్ళకు కూడా చెప్పింది, ఎక్కడ చదివి పాసయిందో. టీ కొట్టు దగ్గర ఆ మాట మీద నవ్వడానికి ఎవరికీ చేతకాలేదు. తాత పేరెత్తి ఎకసెక్కెం చేసినవాడు కూడా మర్నాడు మనవరాల్ని చెయ్యి పట్టుకుని తెచ్చి, గోడ వైపు చూడకుండా వదిలిపెట్టి పోయాడు.

ఇప్పుడు లోపల కొత్త బెంచీలున్నాయి. నన్ను బయట గోడ కింద వేశారు. సాయంత్రం మాలకొండయ్య వచ్చి నా మీద కూర్చుంటాడు. ముసలివాడైపోయాడు. ఆయన నెత్తి మీద ఆ అక్షరాలుంటాయి. మొదట్లో కొత్తవాళ్ళు వచ్చి ట్యూషను ఎక్కడని అడిగితే, నోటితో చెప్పలేక చేత్తో చూపించేవాడు. కొన్నిసార్లు నిద్రపోతున్నట్టు కళ్ళు మూసుకునేవాడు. మూసిన కళ్ళ వెనక మనిషి బరువు ఎలా ఉంటుందో నాకు తెలుసు.

మొన్న పక్క ఊరి నుంచి ఒకామె ఒక చిన్న పిల్లను తీసుకొచ్చింది. గోడ మీద చదివి, చదివింది తప్పేమోనని మళ్ళీ చదివింది.

"ఇదేం పేరు పెద్దాయనా? ఎవురిదీ కొట్టు?"

మాలకొండయ్య కళ్ళు మూసుకోలేదు.

"కొట్టు నాది" అన్నాడు. "ట్యూషను మా అమ్మాయిది."

అని, నా మీద చెయ్యి ఆనించి మెల్లగా లేచి, ఆ పిల్లకు చోటిచ్చాడు.